గాడిదకు దోసిలి లేదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కథల పుస్తకాలకు నీతి ఉండేది కాదు. అచ్చులో ఉండేది. మా మేనత్త దాని మీద గోధుమరంగు కాగితం ముక్క అంటించి మూసేసేది. కథ అయిపోయిన చోట, గీత కింద, 'నీతి' అని లావు అక్షరాల్లో ఉండే ఆ రెండు వరుసలు పిల్లల కంటపడకూడదు. ఎండాకాలం సెలవులకు ముందురోజు ఆమె మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి, వసారాలో కూర్చుని కొత్తగా వచ్చిన పుస్తకాలన్నిటికీ ఈ పని చేసేది. మా అమ్మకు ఇది పిచ్చిగా కనిపించేది. "అదేంది వదినా, శుభ్రమైన పుస్తకానికి ఆ అతుకులు?" అనేది. "కథ చెప్పినాక మళ్లా నీతి చెప్పడమంటే, అన్నం పెట్టి, మింగినారో లేదో నోట్లో వేలు పెట్టి చూసినట్టు" అని మా అత్త జవాబు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తానంటే, నాకు కోపం వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషికి కోపం మంచిది కాదని గిద్దలూరు డాక్టరు చెప్పాడు. మాత్రలు ఆయన చెప్పినట్టే వేసుకుంటున్నాను. కోపం మాత్రం నా ఇష్టం.

నా మనవరాలికి తొమ్మిదేళ్లు. సెలవులిచ్చిన రోజున వాళ్ల టీచరు ఫోనులో ఒక జాబితా పంపింది. దయ, వ్యక్తిత్వం నేర్పే పది వేసవి పుస్తకాలు. తరగతిలో నలభై మంది పిల్లలకూ అవే పది. ఒక్కో పుస్తకం పేరు కింద, దగ్గుమందు సీసా మీద రాసినట్టు, అది ఏ గుణానికి పనిచేస్తుందో రాసి ఉంది. మొదటి పుస్తకం తెప్పించాం. మందతో పోకుండా తన దారిన తాను పోయే మేకపిల్ల కథ. చదివాక ఒక కాగితం నింపి ఫొటో తీసి పంపాలి. 'ఈ కథలోని నీతి ఏమిటి? అయిదు మార్కులు.' నా మనవరాలు చాలాసేపు పెన్ను కొరికి, 'ఆ దారిలో ముళ్లుంటే మేకపిల్లకు ఎవరు తీస్తారో కథలో చెప్పలేదు' అని రాసింది. మరునాడు దాని మీద ఎర్రగీత పడింది. పక్కన సరైన జవాబు: 'ఎవరికి వారే ప్రత్యేకం.' మిగిలిన పిల్లలంతా ఆ వాక్యమే రాసి అయిదుకు అయిదు తెచ్చుకున్నారు. ఎవరికి వారే ప్రత్యేకమని ముప్ఫై తొమ్మిది మంది ఒక్క అక్షరం తేడా లేకుండా రాశారు!

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "పోనీలే అవ్వా, ఈసారి నేను కూడా అదే రాసేస్తా. ఏమైతది?" అన్నది. ఆ 'ఏమైతది' అన్న మాటకే నాకు ఒళ్లు మండింది. ఏమవుతుందో నాకు తెలుసు. ఒకప్పుడు ఒక పిల్ల తన సొంతంగా రాసుకున్నదాన్ని చెరిపేసిన చెయ్యి నాది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది మార్కాపురం. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు అవి. ఊరి బయట నేల తవ్వితే పొరలు పొరలుగా నల్లరాయి పడుతుంది. దాన్ని చీల్చి, నీళ్లు చల్లి నున్నగా అరగదీసి, చుట్టూ చెక్కచట్రం బిగిస్తే బడిపిల్లల పలక. మా తాతయ్యకు రాతిగని ఉండేది. ఇంటి వెనుక పలకలు తయారుచేసే పెద్ద షెడ్డు ఉండేది. ఎక్కడెక్కడి పిల్లలో మా పలకల మీద ఓనమాలు దిద్దారు. మా ఇంటిపేరు చెబితే తాలూకా కచేరీలో లేచి కుర్చీ వేసేవారు. ఇప్పుడు గని లేదు, షెడ్డు లేదు. ఇల్లున్న చోట కల్యాణమండపం లేచింది. నేను గిద్దలూరులో కూతురింట ఒక గదిలో ఉంటున్నాను. జాలి కోసం చెప్పడం లేదు. మా వంశంలో ఎవరూ ఎవరినీ జాలి అడగలేదు, నేనూ అడగను.

మా మేనత్త భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి. తాతయ్య బీరువా నిండా పుస్తకాలుండేవి, ప్రతి పుస్తకం మొదటి పేజీలో మా ఇంటిపేరుతో రబ్బరు ముద్ర. బీరువా తాళంచెవి అత్త కొంగున ఉండేది. సెలవుల మొదటి రోజు మా నాన్న అన్నదమ్ముల పిల్లలం ఆరుగురం వసారాలో వరుసగా నిలబడి చేతులు చాపాలి. జాతకం చూసేవాళ్లలా కాదు, కూరగాయలు చూసేవాళ్లలా అత్త మా చేతులు తిప్పి తిప్పి చూసేది. చూసి, లోపలికి వెళ్లి, ఎవరి పుస్తకం వాళ్లకు తెచ్చి ఇచ్చేది. గోళ్లు కొరుక్కునే మా పెద్దనాన్న కొడుక్కి నవ్వించే పుస్తకం. ఎప్పుడూ మోచిప్పలు కొట్టుకుపోయి ఉండే మా చెల్లెలికి సముద్రాల మీద తిరిగేవాళ్ల పుస్తకం. ఇద్దరికి ఒకటే పుస్తకం ఇచ్చిన గుర్తు నాకు లేదు.

నాకు పదేళ్లు నిండిన ఏడు అలాగే వరుసలో నా వంతు వచ్చింది. అత్త నా చేతులు చాలాసేపు పట్టుకుంది. తరువాత వదిలేసింది. "ఈ చేతులు ఇంతవరకు ఏ పనీ చెయ్యలేదు. వీటికి ఏ పుస్తకం కుదురుతుందో నాకెట్ల తెలుస్తది? ఆగు, చూద్దాం" అన్నది. అందరి ముందు, వట్టి చేతులతో నన్ను నిలబెట్టింది.

అదే సమయానికి పెరటి దారిన ఒక పిల్ల వచ్చింది. మా షెడ్డులో రాయి చీల్చే మేస్త్రి కూతురు. నా వయసుదే. నాయనకు సద్ది తెచ్చి, మా వరుసను చూసి మెట్ల కింద ఆగింది. వాళ్లు ఆదివారం మందిరానికి పోయే కుటుంబం. పిల్ల అక్కడ బైబిలు వాక్యాల కార్డులు చదివీ చదివీ మా అందరికంటే బాగా చదివేది. "ఏమే, నువ్వు కూడా చాపు" అన్నది అత్త. ఆ పిల్ల చేతుల గీతల్లో నల్లరాతి పొడి ఇంకిపోయి ఉంది. వేళ్ల కొసల్లో చిన్న చిన్న కోతలు. అత్త ఆ చేతులు ఒక్కసారే తిప్పి చూసింది. బీరువా దగ్గరికి వెళ్లి ఒక సన్నటి పుస్తకం తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది. కుమ్మరి, అతని గాడిద కథ. మా ఇంటి ముద్ర ఉన్న పుస్తకం, నాకు ఇవ్వని పుస్తకం, మా షెడ్డు మేస్త్రి కూతురికి!

ఆ పిల్లకు ఆ పుస్తకం దేనికి అక్కరకొచ్చిందో నాకు తరువాత తెలిసింది. మీకు ముందే చెబుతున్నాను. మందిరంలో పాఠాలు చెప్పే టీచరమ్మ ఆ వేసవిలో ఒక్క ఆడపిల్లను ఏరి, దూరాన ఉన్న హాస్టలు బడికి పంపాలనుకుంది. పిల్లలు తమ చేత్తో ఒక కథ రాసి తెచ్చి, రెండో ఆదివారం అందరి ముందూ చదవాలి. ఎంపికైతే చదువు. కాకపోతే ఆ పిల్ల జూన్ నుంచి వాళ్లమ్మ పక్కన కూర్చుని పలకలు అరగదీయాలి. అప్పటికే వాళ్ల నాయన షెడ్డులో ఆమెకు చోటు చూసి పెట్టాడు కూడా.

ఆ ఆదివారానికి ముందు మంగళవారం. మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు ఖాళీగా ఉంది. ఎండకు బయట ఉండలేక నేను అటు వెళ్లాను. వెనుక గోడ దగ్గర, అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు కుప్ప పోసి ఉండేవి. వాటిలోంచి ఏరిన పదకొండు పలకలు గోడకు ఆనించి వరుసగా ఉన్నాయి. పేజీల్లాగా. బలపంతో, చీమల బారులాంటి అక్షరాలు. మొదటి పలక చదివాను. 'ఒక ఊరిలో ఒక కుమ్మరి, ఆ కుమ్మరికి ఒక గాడిద.' రెండోది చదవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. అది మా పుస్తకంలో కథ. మా కథను దొంగిలించి మా పలకల మీద పెట్టింది. కథను మళ్లీ రాసుకోవడం దొంగతనం కాదని నాకు తెలియదు. మా ఇంట్లో ప్రతిదానికీ ముద్ర ఉండేది, ముద్ర ఉన్నది మాది. అంతే నాకు తెలిసింది.

రాయి అరగదీసే నీళ్ల తొట్టిలో గుడ్డ ముంచి, పదకొండూ తుడిచాను. తుడుస్తుంటే చాలా హాయిగా ఉందని చెప్పడానికి ఈ వయసులోనూ సిగ్గుగా ఉంది. కాని అబద్ధం చెప్పను. హాయిగానే ఉంది.

చివరి పలక తుడుస్తుండగా ఆ పిల్ల వచ్చింది. చేతిలో ఖాళీ సద్దిగిన్నె. అంతవరకు ఆమె నన్ను 'అమ్మాయిగారూ' అనేది.

"తుడిచినావా" అన్నది.

"మా పలకలు. మా కథ. తుడుస్తా, నీకేంది?" అన్నాను.

"పలకలు మీవే" అన్నది. తడి పలకల వంక కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే పుస్తకాన్ని పాతగుడ్డలో చుట్టి మా వసారాలో పెట్టి పోయింది.

రాత్రి అన్నాలప్పుడు నేనే గొప్పగా చెప్పాను. దొంగను పట్టుకున్నట్టు చెప్పాను. మా అన్నలు నవ్వారు. అత్త వడ్డిస్తున్న గరిటె ఆపింది. "పదకొండూనా?" అని మాత్రం అడిగింది. ఎన్నో నేను చెప్పకముందే ఆమెకు తెలుసు. ఆ ముందురోజే షెడ్డులోకి వెళ్లి అన్నీ చదివి వచ్చిందట. మందిరం సంగతి, హాస్టలు సంగతి అప్పుడు చెప్పింది. చెప్పి, నా ముందు పళ్లెం తీయకుండానే నా చేతులు పట్టి చూసింది. "ఇప్పుడు దొరికింది వీటికి పుస్తకం. పుస్తకం చూసి ఆ పదకొండు పలకలూ మళ్లా రాసి, నువ్వే మోసుకుపోయి ఇవ్వు. ఇంకెవరి చెయ్యీ పడకూడదు" అన్నది.

బుధవారం, గురువారం రాశాను. కోపంతో రాశాను. బలపం గట్టిగా పట్టుకోవడంతో వేలు బొబ్బెక్కింది. పుస్తకంలో కథ ఇది. కరువు వచ్చింది, కుమ్మరి గాడిద కొండ కింది చెలమ నుంచి వేసవంతా ఊరికి నీళ్లు మోసింది, ఒక్కరోజు కూడా మొరాయించలేదు, చివరికి ఊరి పొలిమేరలో కూలి చచ్చిపోయింది. ఊరివాళ్లు కుమ్మరికి పూలదండ వేశారు. దాని కింద అత్త అంటించిన కాగితం. నేను ఉమ్మి తడిచేసి, గోటితో ఆ అంచు లేపి, కింద ఉన్నది చదివాను. 'నీతి: యజమాని సేవలో ప్రాణమిచ్చిన జీవి ధన్యము.' దీన్ని పదకొండో పలక మీద మిగతావాటికంటే లావుగా రాశాను. పని సంపూర్ణంగా చేశానని నా గర్వం. కాగితాన్ని మళ్లీ యథాప్రకారం అంటించాను.

శుక్రవారం గోనెసంచిలో పలకలు మోసుకుని వాళ్లుండే పాలేనికి వెళ్లాను. ఒక్కసారి మోయలేక రెండుసార్లు తిరిగాను. అటువైపు అడుగు పెట్టడం నాకు అదే మొదలు. దారిలో ఒక ముసలమ్మ, "ఎవురి బిడ్డవమ్మా, ఇట్లొచ్చినావు? దారి తప్పినావా?" అన్నది. నేను తల అడ్డంగా ఊపి నడిచాను. మాట్లాడితే సంచి జారేట్టుంది.

ఆ వారం ఆ పిల్ల తల్లికి జ్వరం. తల్లి చేయాల్సిన పలకలు ఇంటికి తెచ్చుకుని, వాకిట్లో నీళ్లు చల్లుకుంటూ ఆ పిల్లే అరగదీస్తున్నది. మళ్లీ రాసుకోవడానికి ఆమెకు చేతులు ఖాళీ లేవు. చేతులు తుడుచుకుని నా పలకలు ఒక్కొక్కటే చదివింది. మూడింటి వరకు తల ఊపింది. నాలుగో పలక దగ్గర ఆగింది. మిగిలినవన్నీ గబగబా చూసి, చివర నేను లావుగా రాసిన నీతిని వేలితో చూపించింది.

"ఇది ఎవురు రాసినారు?"

"పుస్తకంలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాసినా."

"పుస్తకంలోది పుస్తకంలో ఉంది గదా. మళ్లా పలకల మీద ఎందుకు? నాది ఇది కాదు" అని, కూర్చుని మళ్లీ రాయి అరగదీయడం మొదలుపెట్టింది.

నేను ఇంటికి పరిగెత్తి అత్త మీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల వేరేగా రాసుకుందని నీకు తెలుసా అని అడిగాను. తెలుసన్నది. "తెలిసి రెండు రోజులు ఎందుకు రాయించినావు?" అని కాళ్లు నేలకేసి కొట్టాను. "ఏందో చదవకుండానే తుడిచినావు గదా. తుడిచింది ఏది కాదో ముందు తెలియాలి నీకు" అన్నది. "రేపు పో. ఆ పిల్ల చెప్తది, నువ్వు రాయి. చేతులు దానివి ఖాళీ లేవు. నీవి ఉన్నాయి."

శనివారం పొద్దున నుంచి నేను వాళ్ల వాకిట్లో, వేపచెట్టు పలచటి నీడలో నేల మీద కూర్చున్నాను. ఆ పిల్ల రాయి మీద రాయి రుద్దుతూ చెబుతుంటే, నేను రాశాను. తప్పు రాస్తే తల ఎత్తకుండానే కనిపెట్టేది. "'అన్నది' కాదు, 'అడిగింది' అని చెప్పినా. గాడిద అడిగింది" అనేది. నాలుగో పలక దగ్గరికి వచ్చాం. అక్కడ ఆమె కథ పుస్తకాన్ని విడిచి వేరే దారి పట్టింది.

ఆమె కథలో గాడిద నీళ్లు మోస్తూ ఒక పెద్దింటి పెరటి గుమ్మం ముందు ఆగి, నాకు దప్పికైతాంది, కొంచెం నీళ్లు ఇయ్యమ్మా అని అడిగింది. ఆ ఇంటమ్మ, 'దోసిలి పట్టు, పైనుంచి పోస్తా' అన్నది. 'నాకు దోసిలి లేదమ్మా, గిట్టలున్నాయి' అన్నది గాడిద. 'అయితే నీ ఖర్మ' అన్నది ఇంటమ్మ.

నా చెయ్యి ఆగిపోయింది. మా పెరటి గుమ్మం దగ్గర ఒక బండరాయి ఉండేది. షెడ్డులో పనివాళ్లు దాహమైతే ఆ బండ దగ్గర వంగి దోసిలి పట్టేవారు. ఇంట్లోవాళ్లు వచ్చేదాకా అలాగే ఉండేవారు. చాలాసార్లు చెంబు పట్టుకుని పోసింది నేనే. ధార సన్నగా, ఎత్తు నుంచి పోస్తే నీళ్లు ముఖాన చింది వాళ్లు ఉక్కిరిబిక్కిరయ్యేవారు. అది నాకు ఆట. వాళ్లు నవ్వేవారు. నవ్వక ఏం చేస్తారు? ఈ పిల్ల తల్లికి కూడా అలాగే పోశాను.

"ఇది మా ఇల్లేనా?" అని అడిగాను.

"గాడిద కథ" అన్నది. "రాయి."

రాశాను. ఆమె గాడిద కుండలు దించేసింది. "పగలగొట్టింది అని రాసేవు, పగలగొట్టలేదు. మెల్లగ దించింది" అని రెండుసార్లు చెప్పింది. దించి, చెలమకు తిరిగి వెళ్లి, మూతి పెట్టి కడుపునిండా తాగింది. ఊరంతా దాని వెనక పరిగెత్తుకుంటూ వచ్చింది. తాగండి, నేను తాగినాకే అన్నది గాడిద.

మిట్టమధ్యాహ్నం అయింది. మార్కాపురం ఎండ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. లేచి ఇంటికి పోతే ఆ సాయంత్రానికి పలకలు కావు. చివరికి నోరు తెరిచి నీళ్లు కావాలన్నాను. లోపల మంచం మీద నుంచి తల్లి లేవబోయింది. "వద్దమ్మా, మా ఇంట్ల నీళ్లు తాగినావని మీవాళ్లకు తెలిస్తే మీ మేస్త్రి పని పోతది" అని బతిమాలింది. ఆ పిల్ల అప్పటికే లేచింది. కుండలో చెంబు ముంచి తెచ్చి, నా ముందు నిలబడింది.

"దోసిలి పట్టు" అన్నది.

కావాలని అన్నదో, నీళ్లంటే ఇట్లాగే ఇస్తారని అలవాటుగా అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మా ఇంటి పిల్లను. మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ వంగలేదు. వంగాను. దోసిలి పట్టాను. ఆమె ఎత్తు నుంచి పోయలేదు, దగ్గరగానే పోసింది. అయినా సగం నీళ్లు వేళ్ల సందుల్లోంచి మణికట్టు మీదుగా మోచేతుల దాకా కారి, మట్టిలో పడ్డాయి. పోసేవాళ్లకు అది కనబడదు. నేను ఎన్నిసార్లు పోశాను, ఒక్కసారీ కనబడలేదు.

పదకొండో పలక చివర ఏం రాయమంటావని అడిగాను. "ఏం వద్దు. ఆడికి అయిపోయింది" అన్నది.

ఆదివారం వాళ్ల నాయన పలకలు భుజాన వేసుకుని మందిరానికి తీసుకెళ్లాడు. పిల్ల చదివింది. ఇందులో నీతి ఏదమ్మా అని అక్కడి పెద్దలెవరో అడిగితే, మీకు దప్పిక కాలేదా అయ్యగారూ అన్నదట. టీచరమ్మ నవ్వి, ఈ పిల్లనే పంపుతానన్నది. ఆ టీచరమ్మను నేను చూడలేదు. ఇప్పుడు నా మనవరాలికి ఎర్రగీత పెట్టిన టీచరును చూశాను. అందుకే చూడని ఆమె మీద నాకు ఇంత గౌరవం.

మంచినీళ్ల సంగతి మా తాతయ్యకు సోమవారానికి చేరింది. మా తాతయ్య చెడ్డవాడు కాదు. నా కోపమంతా అందుకే. కరువులో గంజి పోయించిన మనిషి, చలివేంద్రాలు పెట్టించిన మనిషి. అన్నీ పైనుంచి పోశాడు. మేస్త్రిని పనిలోంచి తీయలేదు, పసుపునీళ్లతో నాకు స్నానం చేయించి ఊరుకున్నాడు. శిక్ష అత్తకు వేశాడు. పుస్తకాల బీరువా తాళంచెవి ఇచ్చెయ్యమన్నాడు. అత్త కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టింది. "పుస్తకాలు మీరే ఉంచుకోండి నాయనా. చదవాల్సినవాళ్లు చదివేసినారు" అన్నది. మా ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పిన మాట నేను విన్నది అదొక్కటే. ఆ తరువాత వేసవుల్లో అత్త మా చేతులు చూసేది, చూసి ఊరుకునేది. ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

జూన్‌లో ఆ పిల్ల హాస్టలుకు పోయేముందు పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. చేతిలో ఒక పలక. అంచు విరిగినదే. దాని మీద ఒకటే వాక్యం, బలపంతో కాదు, మేకుతో రాయిలోకి లోతుగా గీసింది. 'గాడిదకు కూడా దప్పికయితది.' నాకిచ్చి, "ఇప్పుడు తుడువు" అన్నది. నవ్వుతూ అనలేదు. నేను లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, పోయకుండా చెంబే ఆమె చేతికి ఇచ్చాను. తాగింది. వద్దంటున్నా వినకుండా చెంబు కడిగి, బండ మీద బోర్లించి వెళ్లిపోయింది. మళ్లీ కలవలేదు. క్షమించిందని నాకు నేను చెప్పుకోను. చెంబు కడిగి పోయింది, అంతవరకే నాకు తెలుసు.

తాతయ్య పోయి, ఇల్లు చేయిదాటే రోజున ఆ బీరువా తెరిచాం. పుస్తకాలు లేవు. చెదమట్టి ఉంది. మంచితనం గురించి మా తాతయ్య కొని దాచిన పుస్తకాలన్నీ తాళం వెనక మట్టయ్యాయి. ఆ మట్టిలో గోధుమరంగు కాగితం ముక్కలు మాత్రం ఆకుల్లా చెదరక ఉన్నాయి. మైలుతుత్తం కలిపిన జిగురు కదా, చెద ముట్టలేదు. పలకల కాలం పోయి, నోటుపుస్తకాలు వచ్చి మా ఇల్లు పడిపోయిందని మార్కాపురంలో చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. మా ఇల్లు ఎక్కడ పడిందో నాకు తెలుసు.

మొన్న ఆ ఎర్రగీత చూశాక టీచరుకు ఫోను చేశాను. మా పిల్ల మిగతా తొమ్మిది పుస్తకాలు చదవదని, మార్కులు మీరే ఉంచుకోండని చెప్పాను. నా కూతురు తల పట్టుకుంది. నేను మనవరాలిని పిలిచి చేతులు చాపమన్నాను. చిటికెన వేలికి సిరామరక, పెన్ను కొరికిన పెదవికి కూడా అదే మరక. పెట్టె అడుగు నుంచి పలక తీసి ఆ చేతుల్లో పెట్టాను. చదివింది. తుడిచి చూడమన్నాను. వేలు తడిచేసి రుద్దింది. తడిలో అక్షరాలు నల్లబడి కనబడకుండా పోయాయి, ఆరేకొద్దీ మళ్లీ తెల్లగా తేలాయి. రెండుసార్లు చేసి చూసింది.

"దీనికి నీతి ఏంది అవ్వా?" అన్నది. బడి ఎంత పాడు చేసిందో!

"దోసిలి పట్టు" అన్నాను.

చెంబుతో నీళ్లు పోశాను, దగ్గరగానే. తాగడం మరిచిపోయి మోచేతుల వంక చూసుకుంది. "అంతా కారిపోతాంది అవ్వా!" అన్నది. అవునన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. మా అత్త ఉంటే ఆ మాత్రం కూడా చెప్పేది కాదు.

పలక కిటికీలో ఎండకు ఆరింది. అరవై ఏళ్లయినా నా మోచేతులే ఇంకా ఆరలేదు.